స్టిర్లింగ్ ఇంజిన్: కరెంటుకి పనికొస్తుందా, బల్ల మీద బొమ్మేనా?

ఊకబస్తా:
మాది ఉప్పుడు బియ్యం మిల్లు. బాయిలర్ ఊకతోనే నడుస్తుంది, బోలెడు వేడి చిమ్నీలో పోతుంది. మొన్న మావాడు స్టిర్లింగ్ ఇంజిన్ బొమ్మ తెప్పించి వేడి టీ గ్లాసు మీద పెట్టాడు. చక్రాన్ని వేలితో ఒక్క తోపు తోశాడంతే, టీ చల్లారేదాకా తిరుగుతూనే ఉంది. లోపలి గాలి వేడెక్కి ఉబ్బుతూ, చల్లబడి ముడుచుకుంటూ పిస్టన్‌ని ఆడిస్తుందట. అప్పట్నించీ నాకు నిద్ర లేదు. టీ గ్లాసుతో తిరిగేది నా చిమ్నీతో తిరగదా?

లెక్కలపురుగు:
తిరుగుతుంది. దేన్ని తిప్పుతుందన్నదే సంగతి. టీ 90 డిగ్రీలు, బయట 40 అనుకుంటే, ఎంత గొప్ప ఇంజినైనా ఆ వేడిలో 14 శాతానికి మించి పనిగా మార్చలేదు. కార్నో అనే ఫ్రెంచి ఇంజినీరు గీసిన హద్దుగీత అది, ఎవరు బతిమాలినా జరగదు.

ఇక పెద్దవాటి కథ. అరిజోనాలో 2010లో మారికోపా సోలార్ అని 60 అద్దాల డిష్‌లు నిలబెట్టారు, ఒక్కోదానికి 25 కిలోవాట్ల స్టిర్లింగ్. ఆ రకం డిష్ 2008లోనే ఎండలో 31.25 శాతాన్ని కరెంటు చేసి రికార్డు కొట్టింది. అయినా 2011లో కంపెనీ దివాలా! ఈలోపు మామూలు ప్యానెళ్ల ధర పడిపోయింది. ప్యానెల్లో కదిలేదే లేదు. దీంట్లోనో, సూర్యుడి వెంట తిరిగే డిష్, లోపల హైడ్రోజన్, అది కారిపోకుండా సీళ్లు.

రాత్రిషిఫ్టు:
ఒక కంపెనీ మునిగిందని యంత్రానికే ఉరేస్తే ఎలా అన్నా? పొద్దుగూకితే నీ ప్యానెల్ పడుకుంటుంది, మిల్లులో ఊక పడుకోదు. మంట సిలిండర్ బయటే కాబట్టి ఏది తగలేసినా దీనికొకటే. ఊకని గ్యాసుగా మార్చే గ్యాసిఫయర్ పెట్టినవాళ్లని అడుగు, తారు కడగలేక చస్తుంటారు. స్వీడన్ గోట్లండ్ సబ్‌మెరీన్లు 1996 నుంచీ దీన్ని నమ్ముకునే వారాల తరబడి నీళ్లలోపల ఉంటున్నాయి.

లెక్కలపురుగు:
డీజిల్ని ద్రవ ఆక్సిజన్‌తో కాల్చి! పైగా నేవీవాళ్లు యూనిట్ ఎంత పడిందని అడగరు.

సీలుపోయినోడు:
నా బీటెక్ ప్రాజెక్టు ఇదే, అందుకే ఈ పేరు. ఊక మంట మీద పెట్టాం. మొదటిరోజు చిన్న బల్బు వెలిగింది, అందరం ఫొటోలు దిగాం. మూడోరోజుకి వేడి తగిలే గొట్టాల మీద బూడిద దళసరిగా పేరుకుంది. ఊక బూడిదలో ముప్పాతిక పైన సిలికానే, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. మంట ఎర్రగా మండుతున్నా వేడి లోపలికి దిగదు. గీకి శుభ్రం చేశాం. ఆ గరుకు పొడి ఎలా దూరిందో, సీలుని తినేసింది. "ఏదైనా ఒకటే" అన్నది సిలిండర్ లోపలివరకే నిజం.

మిల్లుగారూ, చిమ్నీలో వేడెంత?

ఊకబస్తా:
కొలిపించా. 180.

లెక్కలపురుగు:
కార్నో గీత 31 శాతం దగ్గర. చేతికి అందులో సగం దక్కినా గొప్పే. బాయిలర్‌కి పోసే నీళ్లని ఆ వేడితో ముందే కాచుకోండి, ఊక మిగులుతుంది.

రాత్రిషిఫ్టు:
చిమ్నీ అని నేనన్నానా? పొయ్యి దగ్గర పెట్టమంటున్నా. వేడి అసలు ఉండేది అక్కడ.

సీలుపోయినోడు:
బూడిదా అక్కడే.

ఊకబస్తా:
నీళ్లగొట్టాల రేటు కనుక్కుంటా. బొమ్మ మాత్రం ఆఫీసు బల్ల మీదే ఉంటుంది. ధాన్యం తెచ్చిన రైతులంతా టీ గ్లాసు దానికిందే పెట్టి చల్లార్చుకుంటున్నారు.