అప్‌డేట్: గ్లైకాలిసిస్‌లో 4 ఏటీపీ వస్తే 2 అనే ఎందుకు రాస్తారు, డౌట్ తీరింది

మొన్న నేను అడిగింది ఇదే, గ్లైకాలిసిస్‌లో, అంటే సెల్ గ్లూకోజ్‌ని విడగొట్టి శక్తి తీసుకునే 10 స్టెప్పుల దారిలో, ఒక గ్లూకోజ్‌కి 4 ఏటీపీ (సెల్ ఖర్చుపెట్టుకునే శక్తి అణువు) తయారవుతుంటే పుస్తకంలో లాభం 2 అనే ఎందుకుందని. 10 స్టెప్పులూ కాగితం మీద చేత్తో వేసుకున్నాక అర్థమైంది, మొదట్లోనే సెల్ తన దగ్గరున్న 2 ఏటీపీ ఖర్చు పెడుతుంది, 1వ స్టెప్పులో హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్ దగ్గర ఒకటి, 3వ స్టెప్పులో ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ దగ్గర ఇంకోటి. ఏటీపీ నుంచి ఫాస్ఫేట్ తెచ్చి తగిలించాక గ్లూకోజ్ ఇక సెల్ పొర దాటి బయటికి పోలేదు, అది నాకు భలే నచ్చింది. తర్వాత 6 కార్బన్లది రెండు 3 కార్బన్ ముక్కలవుతుంది, నేను తప్పు చేసింది ఇక్కడే, ఆ తర్వాతి స్టెప్పులన్నీ రెండేసి సార్లు జరుగుతాయని మర్చిపోయా. ముక్కకి 2 చొప్పున 4, పెట్టుబడి 2 తీసేస్తే 2.

ఇంకో డౌట్, ఆక్సిజన్ లేనప్పుడు సెల్‌లో లాక్టేట్ ఎందుకు తయారవుతుంది అని కూడా అడిగా కదా. 6వ స్టెప్పుకి ఎన్ఏడీ ప్లస్ (ఎలక్ట్రాన్లు అందుకునే సహాయక అణువు) కావాలి, అది అయిపోతే మొత్తం ఆగిపోతుంది, చివర్లో వచ్చే పైరువేట్‌ని లాక్టేట్‌గా మారిస్తే ఆ ఎన్ఏడీ ప్లస్ తిరిగొస్తుంది, అంతే. మన ఎర్ర రక్తకణాల్లో మైటోకాండ్రియా (ఆక్సిజన్ వాడి శక్తి తీసే సెల్ భాగాలు) ఉండవు కాబట్టి వాటికి ఎప్పుడూ ఇదే దారి, పక్కన ఎంత ఆక్సిజన్ ఉన్నా సరే! ఓపిగ్గా చెప్పిన అందరికీ చాలా థ్యాంక్సండీ.