స్వీడన్ కక్కూ పక్షి పేరులో కూత ఏమైంది?

ప్రశ్న (పర్లాకిమిడి): మా ఊళ్లో తెలుగువారి 'కోయిల'లోనూ ఒడియావారి 'కోయిలి'లోనూ పక్షి కూత వినిపిస్తుంది. అదే కుటుంబానికి చెందిన ఐరోపా కక్కూ పక్షిని స్వీడిష్‌లో 'యోక్' అంటారు. అందులో కూత ఏదండీ?

జవాబు (బరంపురం): అయ్యా, ఆ పేరుకూ కూతే మూలం. స్వీడిష్, ఐస్లాండిక్ వంటి భాషలకు మూలమైన ప్రాచీన నార్స్ భాషలో అది 'గౌకర్'. చివరి 'ర్' ప్రథమా విభక్తి ప్రత్యయం మాత్రమే. ఐస్లాండ్‌వారు నేటికీ దానికి దగ్గరగా 'గౌకుర్' అంటారు. స్వీడిష్‌లో 'ఔ' సంకోచించి తాలవ్యపు అచ్చుగా (నాలుక ముందుభాగం అంగిలి వైపు లేచి పలికే అచ్చుగా) మారగా, దాని ముందున్న గకారం పలుకుబడిలో యకారమై, కూత మరుగుపడింది. రాతలో గకారం అలాగే ఉంది. కన్నడంలో 'కివి'గా నిలిచిన మాట మనకు 'చెవి' అయినదీ ఇటువంటి తాలవ్యీకరణ (తాలవ్యపు అచ్చు ముందు హల్లు మారడం) వల్లనే.

జవాబు (రాయగడ): చక్కగా వివరించారండీ. వసంతకాలంలో వేకువనే లేచి ఆ కూత వినడానికి వెళ్లే ఆచారాన్ని స్వీడన్‌వారు 'యోకోత్త' అంటారు. కూత ఉత్తరం నుంచి వినిపిస్తే దుఃఖమనీ, పడమటి నుంచి వినిపిస్తే అత్యుత్తమమనీ వారి నమ్మకం.