ఒక్క బిందువు మీద నిలబడ్డ సహసంబంధ గుణకానికి అర్థం ఎలా చెప్పాలి?

నమస్కారం. 1973లో గణాంక శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఆన్‌స్కాంబ్ ఇచ్చిన, సగటు లాంటి లెక్కలు దాదాపు ఒకటే అయినా గీస్తే వేర్వేరుగా కనిపించే నాలుగు దత్తాంశాల్లో చివరి రెండిటినీ డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థులకు వివరించాలి. రెండిటిలోనూ 11 బిందువులు, పియర్సన్ గుణకం (ఎక్స్, వైల మధ్య సరళరేఖ సంబంధాన్ని కొలిచే సహసంబంధ గుణకం) సుమారు 0.816.

మూడోదానితో చిక్కు లేదు. (13, 12.74) తీసేస్తే మిగతా పదీ దాదాపు సరళరేఖ మీదే ఉంటాయి, గుణకం 1కి చేరుతుంది. విలువలకు బదులు వాటి ర్యాంకులతో లెక్కించే స్పియర్‌మన్ గుణకమైతే ఆ బిందువు ఉండగానే 0.991.

నాలుగోదే తేలడం లేదు. పది బిందువులకు ఎక్స్ విలువ 8, ఒక్కదానికి 19. ఆ ఒక్కటీ తీసేస్తే ఎక్స్ విస్తృతి సున్నా. హారం సున్నా కాబట్టి గుణకమే ఉండదు. సమాన ర్యాంకులకు సగటు 5.5 ఇచ్చి, ర్యాంకుల మీద పియర్సన్ సూత్రం వాడితే స్పియర్‌మన్ సరిగ్గా 0.5. (ర్యాంకు తేడాల వర్గాలతో చేసే పొట్టి సూత్రం ఇక్కడ 0.625 ఇస్తుంది, అది తప్పు.)

ఈ 0.5ని ‘మధ్యస్థ సంబంధం’ అనడం నాకు సరిగా అనిపించడం లేదు. 19 దగ్గరి వై విలువ అన్నిటికన్నా పెద్దదైతే చాలు, మిగతా పదింటి వై విలువల్లో సమానమైనవి లేనంతవరకూ అవి ఎలా ఉన్నా 0.5 వస్తుంది. మొదటి ఏడాది వాళ్లకు స్కాటర్ ప్లాట్ చూపించి గుణకం చెప్పకుండా వదిలేయడం మేలా? లేక లెవరేజ్ (ఎక్స్ విలువ మిగతావాటికి దూరంగా ఉన్న బిందువుకు గీతను తనవైపు లాగే శక్తి ఎంతో చెప్పే కొలత) పరిచయం చేయాలా? చేస్తే, మాత్రికలు లేకుండా చేతితో లెక్కించే పద్ధతి ఏది బాగుంటుంది?