నీళ్ళు 12 డిగ్రీలు, గాలి 26: కయాక్‌లో ఏం వేసుకోవాలి?

నీటిపిట్ట:
సరస్సులో నీళ్ళు 12 డిగ్రీలు, పైన గాలి 26. ఒక కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ), తోడుగా చిన్న మోటారు పడవ. నాలుగు సంగతులు తేల్చుకోవాలి. వెట్‌సూటా (లోపల తడిసినా ఒంటిని వెచ్చగా ఉంచే బిగుతు రబ్బరు సూట్), డ్రైసూటా? చేతి తొడుగులు ఎంత మందం ఉండాలి? గాలి నిండే లైఫ్ జాకెట్ కయాక్‌లో పనికొస్తుందా? మోటారు పడవలోంచి జారిపడ్డవాణ్ణి ఒక్కరే పైకి ఎలా ఎక్కించాలి? గాలి, నీళ్ళు రెండిటి ఫారన్‌హీట్ డిగ్రీలు కలిపితే కనీసం 120 ఉంటే చాలనే లెక్క ఒకటి ఉంది కదా. దాని ప్రకారం 79, 54 కలిపి 133. అంటే మామూలు బట్టలతో వెళ్ళిపోవచ్చా?

జిప్పు_మైనం:
డ్రైసూటే. ఐతే కొన్నాక దాన్ని చూసుకునేవాళ్ళు తక్కువ, నా బాధంతా అదే. డ్రైసూట్ సొంతంగా వెచ్చదనం ఇవ్వదు, నీళ్ళు రానివ్వని సంచి మాత్రమే. వెచ్చదనం లోపల వేసుకునే ఉన్నిది, ఫ్లీస్‌ది. లోపల నూలు బనీను వేస్తే అది చెమటను పీల్చుకుని ఒంటికి అంటుకుపోతుంది, ఇక సూట్ ఉన్నా వణుకే. మెడ దగ్గరి లేటెక్స్ పట్టీకి సన్‌స్క్రీన్, నూనె, ఎండ మూడూ శత్రువులే. పట్టీని కాస్త సాగదీసి వెలుతురుకి పట్టి చూడండి. సన్నటి గీతలు కనిపించినా, వేలికి జిగటగా తగిలినా మార్చేయాల్సిందే. అది చిరిగేది సూట్ తొడుక్కునేటప్పుడే, ఒడ్డు మీదే చిరిగితే అదృష్టం. ఇత్తడి జిప్పుకి పళ్ళ మీద బయటివైపు మైనం రుద్దాలి. ప్లాస్టిక్ జిప్పుకి మైనం వద్దు, కొస ఆగేచోట దాని తాలూకు గ్రీజు ఒక చుక్క చాలు. నీళ్ళలోకి దిగే ముందు గొంతుక్కూర్చుని, మెడ పట్టీ ఒక వేలితో తెరిచి, లోపలి గాలి బయటికి పంపండి.

పాత_సరంగు:
నీటిపిట్ట గారూ, ఆ 120 లెక్క ఇక్కడితో వదిలేయండి. గాలి 80, నీళ్ళు 40 అనుకోండి. మొత్తం 120, లెక్క ప్రకారం ఫరవాలేదు. నలభై ఫారన్‌హీట్ అంటే 4 డిగ్రీల చిల్లర! ఆ నీళ్ళలో చొక్కా, నిక్కరుతో పడ్డవాడికి పైన ఎండ ఎంత కాస్తే ఏం లాభం? పడ్డాక ఒంటికి తగిలేవి నీళ్ళే, గాలి కాదు. ఒంట్లో వేడిని నీళ్ళు గాలికంటే పాతిక రెట్లు వేగంగా లాగేస్తాయి. నీళ్ళ డిగ్రీలు చూసే బట్టలు వేసుకోవాలి.

తెరచాప:
సరంగు గారూ, మీరు ఒక్క వైపే చూస్తున్నారు. 26 డిగ్రీల ఎండలో ఉన్ని మీద డ్రైసూట్ వేసుకుని మూడు గంటలు తెడ్డు వేస్తే మనిషి ఉడికిపోతాడు. వడదెబ్బ కూడా ప్రాణాంతకమే. లెక్కలో గాలిని కలిపింది అందుకే.

పాత_సరంగు:
వేడెక్కితే పక్కనే 12 డిగ్రీల నీళ్ళున్నాయి! టోపీ ముంచి పెట్టుకోండి, చేతులు మోచేతిదాకా ముంచండి, లోపల పల్చటి పొర ఒకటే వేయండి, రోల్ (కయాక్‌తో సహా బోల్తా పడి తిరిగి పైకి లేవడం) వస్తే ఒకసారి తిరగండి. వేడికి మందు చేతికందే దూరంలో ఉంది. మామూలు చొక్కాతో నీళ్ళలో పడ్డాక చలికి మందు ఎక్కడ తెస్తారు? రెండిటినీ ఒకే తక్కెట్లో వేయకండి. పడవెక్కే కొత్తవాళ్ళు ఇది చదివి చొక్కాతో బయల్దేరతారు, దయచేసి ఆ లెక్కను వెనకేసుకు రాకండి.

తెరచాప:
వెనకేసుకు రావడం లేదండీ. మీరు అరిచినట్టు రాస్తున్నారు. గాలిని అసలు చూడొద్దంటే ఒప్పుకోను, అంతే.

అల_లెక్క:
ఇద్దరూ ఆగండి. 12 డిగ్రీలంటే ‘కాస్త చల్లన’ అనుకోవడంలోనే అసలు తప్పుంది. కోల్డ్ షాక్ తీవ్రంగా రావడానికి మంచునీళ్ళు అక్కర్లేదు, 10 నుంచి 15 డిగ్రీల మధ్యే అది పూర్తి స్థాయిలో వస్తుంది. చర్మం ఒక్కసారిగా చల్లబడగానే మన ప్రమేయం లేకుండా పెద్ద ఎగఊపిరి వస్తుంది. ఆ క్షణంలో తల నీళ్ళ కింద ఉంటే లోపలికి పోయేవి నీళ్ళే. వెనకే ఆపలేనంత వేగంగా ఊపిరి, గుండెదడ. ఊపిరి బిగబట్టగలిగే సమయం కొన్ని సెకన్లకి పడిపోతుంది.

మానిటోబా విశ్వవిద్యాలయం ఆచార్యుడు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన 1-10-1 గుర్తుంచుకోండి. ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులు కాళ్ళు పనికొచ్చేలా కదిలేది 10 నిమిషాలు, చలికి స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట. చల్లటి నీళ్ళలో పోయేవాళ్ళలో చాలామంది ఆ గంట దాకా రారు. మొదటి నిమిషంలోనో, ఆ పదిలోనో మునిగిపోతారు. అందుకే సూట్ కంటే ముందు లైఫ్ జాకెట్, అదీ ఒంటిమీద, పట్టీలు బిగించి. పడిన వెంటనే ఈదబోకండి. వెల్లకిలా తేలుతూ, నోరు నీళ్ళపైన ఉంచి, ఊపిరి నెమ్మదించాకే తర్వాతి పని.

తెడ్డుకొస:
ఆ పది నిమిషాల్లోనే కయాక్ ఎక్కేయాలి కాబట్టి అసలు చూసుకోవాల్సింది తిరిగి ఎక్కడం. నేర్పేవాడిగా చెబుతున్నాను, ఇందులో నా మాట వినండి. తెడ్డు కొసకి తొడిగే ఫ్లోట్ రెండు రకాలు. ఊదేదాంట్లో తేలే బలం ఎక్కువే గానీ, చలికి పెదవులు బిగుసుకుని, వేళ్ళు మొద్దుబారాక దాన్ని నింపడానికే రెండు నిమిషాలు పోతాయి. నురుగు (ఫోమ్) దిమ్మె రకం తొడిగితే చాలు, అయిపోయింది. 12 డిగ్రీలకి నురుగుదే. కయాక్‌ని తిప్పి నిటారు చేయడం, ఫ్లోట్ తొడిగిన తెడ్డు అడ్డంగా పెట్టడం, వెనక డెక్ (కయాక్ పైభాగం) మీదికి బోర్లా పాకడం, కాళ్ళు కాక్‌పిట్‌లోకి (కూర్చునే గుంతలోకి) జార్చి నెమ్మదిగా తిరగడం, పంపుతో నీళ్ళు తోడడం. తిరిగేటప్పుడు బరువంతా ఫ్లోట్ వైపే ఉండాలి. అవతలివైపు ఒరిగితే మళ్ళీ బోల్తా. ముందు వెనక గదులు మూసి ఉన్న కయాక్ కాకపోతే ఇవన్నీ వృథా, ఎందుకంటే నిండా నీళ్ళున్న కయాక్ మీద మనిషి నిలవలేడు.

నీటిపిట్ట:
లైఫ్ జాకెట్ సంగతి ఎవరూ చెప్పలేదు.

జిప్పు_మైనం:
గాలి నిండేది కయాక్‌కి వద్దు. తనంతట తాను నిండే రకంలో నీటికి కరిగే బిళ్ళ ఉంటుంది, ఒక పెద్ద అల మీద పడినా, రోల్ చేసినా జాకెట్ నిండిపోతుంది. నీటి ఒత్తిడికి తెరుచుకునే రకం అల చిమ్మితే నిలుస్తుంది గానీ బోల్తా పడితే అదీ నిండుతుంది. నిండాక ఛాతీ మీద బుడగ అడ్డొచ్చి డెక్ మీదికి పాకడం కుదరదు. చేత్తో లాగే రకమైతే, మొదటి నిమిషంలో ఊపిరే అందనివాడు తాడు వెతుక్కోవాలి. కయాక్‌కి 50 న్యూటన్ల (తేల్చే బలానికి కొలత) నురుగు జాకెట్. ఐతే ఒకటి, స్పృహ తప్పినవాణ్ణి అది వెల్లకిలా తిప్పదు. ఆ పనికి ఉద్దేశించింది 150 న్యూటన్లది, మోటారు పడవలో అది బాగు.

అల_లెక్క:
మోటారు పడవలో గాలి జాకెట్ వేసేవాళ్ళు సిలిండర్ విప్పి చూస్తున్నారా? 150 న్యూటన్ల వాటిలో సాధారణంగా 33 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. సిలిండర్ మీద అచ్చువేసిన బరువుతో వంటింటి తక్కెడ బరువు పోల్చండి, తగ్గితే మార్చండి. సిలిండర్ మరలు వదులైనా జాకెట్ నిండదు. నోటితో ఊది ఒక రాత్రంతా ఉంచండి, పొద్దున్నకి మెత్తబడితే ఎక్కడో కారుతోంది. కాళ్ళ మధ్య పట్టీ లేకపోతే నీళ్ళలో జాకెట్ చెవులదాకా లేచి మనిషి కిందికి జారతాడు.

తెరచాప:
పడ్డవాడు పైకొచ్చాక బ్రాందీ ఒక గుక్క...

పాత_సరంగు:
వద్దు! చర్మం దగ్గరి రక్తనాళాలు తెరుచుకుని మిగిలిన వేడి కూడా పోతుంది. కాళ్ళు చేతులు రుద్దడం, వేడినీళ్ళ స్నానం, అటూఇటూ నడిపించడం ఏవీ వద్దు. పడుకోబెట్టండి, తడిబట్టలు కత్తిరించి తీయండి, పొడి దుప్పటి, దాని పైన గాలి చొరని సంచి. వేడి సీసాలు గుడ్డలో చుట్టి చంకల్లో, ఛాతీ మీద పెట్టండి. పూర్తి స్పృహలో ఉండి, తనంతట మింగగలిగితేనే తీపి వేసిన వేడి పానీయం. వణుకుతుంటే మంచిదే. వేడెక్కకుండానే వణుకు ఆగి మాట తడబడితే అది ప్రమాదం ముదిరిన గుర్తు. అప్పుడు చాలా నెమ్మదిగా కదపాలి, గుండె లయ తప్పే అవకాశం ఉంటుంది.

తెరచాప:
సరే, ఇది తెలియదు. బ్రాందీ మాట వెనక్కి తీసుకుంటున్నాను. గాలి సంగతిలో మాత్రం నా మాట నాదే.

తెడ్డుకొస:
నాలుగో ప్రశ్నకి. ముందు ఇంజను ఆపాలి, న్యూట్రల్ చాలదు. ఫ్యాన్ తిరుగుతుండగా కాళ్ళు దగ్గరికి రాకూడదు. నిచ్చెన నీళ్ళలోంచి చేత్తో లాగితే దిగేలా ఉండాలి. పైనుంచి మాత్రమే విప్పగలిగే నిచ్చెన ఒంటరిగా పడ్డవాడికి ఉన్నా లేనట్టే. నిచ్చెన లేకపోతే 10 మిల్లీమీటర్ల తాడుతో పాదం పట్టే ఉచ్చు వేసి, ఉచ్చు అడుగు భాగానికి ప్లాస్టిక్ గొట్టం ముక్క తొడగండి. లేకపోతే తాడు మూసుకుపోయి పాదం దూరదు. తాడు రెండో కొసని పడవ అవతలివైపు గట్టిగా కట్టండి, దగ్గరి అంచుకే కడితే ఉచ్చు పడవ కిందికి పోయి మనిషి వెనక్కి వేలాడతాడు. ఉచ్చు మీద నిలబడి పాకగలిగేది ఇంకా సత్తువ ఉన్నవాడు మాత్రమే.

అల_లెక్క:
నీళ్ళలో చాలాసేపు ఉన్నవాణ్ణి నిటారుగా లాగొద్దు, ఇది ముఖ్యం. కాళ్ళ చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి ఒక్కసారి పోగానే రక్తపోటు పడిపోతుంది, అప్పటిదాకా మాట్లాడుతున్నవాడు పడవ అంచు మీదే కుప్పకూలొచ్చు. చంకల కింద ఒక పట్టీ, మోకాళ్ళ కింద ఒకటి వేసి అడ్డంగా దొర్లించినట్టు ఎక్కించాలి. ఒక్కరివల్ల కాకపోతే పడవ పక్కన కట్టి, నోరు నీళ్ళపైన ఉంచి, సాయం పిలవండి. నడిపేవాడి కాలికి ఇంజను ఆపే తాడు కట్టి ఉండాలి, రేడియో ఛాతీ మీద ఉండాలి. పడవ పోయాక సంచిలోని రేడియో దానితోనే పోతుంది.

నీటిపిట్ట:
చాలా సాయం చేశారు. తొడుగులు?

జిప్పు_మైనం:
12 డిగ్రీలకి 3 మిల్లీమీటర్ల నియోప్రీన్, అరచేయి వైపు పల్చగా ఉన్నది. తెడ్డుకి తగిలించే సంచి తొడుగులు తెడ్డు వేసేటప్పుడు చాలా హాయి, కానీ నీళ్ళలో పడ్డాక చేతులు ఖాళీ. వాటినే వాడతానంటే జాకెట్ జేబులో ఒక జత పల్చటివి ఉంచుకోండి. కొనేముందు తొడుగు వేసుకుని, తడి చేతులతో జాకెట్ బకిల్ విప్పి చూడండి, స్ప్రే స్కర్ట్ (కాక్‌పిట్‌లోకి నీళ్ళు రాకుండా కప్పే గుడ్డ) ముందు పట్టీ లాగి చూడండి. ఈ రెండూ రాకపోతే ఆ సైజు మీది కాదు.