ప్లే కన్సోల్ "తప్పు కీతో సంతకం" అంటోంది, సంతకం కీ ఉండే పాత కీస్టోర్ ఫైలు ఎక్కడా లేదు. యాప్‌ను ఎలా నిలబెట్టుకోవాలి?

మహేంద్రతనయ, కాశీబుగ్గ

అందరికీ నమస్కారం. నేను కాశీబుగ్గలో ఒక జీడిపప్పు వ్యాపారి దగ్గర లెక్కలు చూస్తాను. వారి యాప్ బాధ్యత కూడా ఈ మధ్య నాకే అప్పగించారు. ఫ్లట్టర్‌లో రాసిన చిన్న యాప్, 2022లో ప్లే స్టోర్‌లో పెట్టారు. గుండు ఎంత, బద్ద ఎంత, ముక్క ఎంత అని ప్రతి ఉదయం ధరలు పెడతాం. బయటి ఊళ్ల దుకాణదారులు అవి చూసి అందులోనే ఆర్డరు ఇస్తారు.

ఇప్పుడు తోటల నుంచి పిక్కలు వచ్చే కాలం. ఉద్దానం రైతులకు కూడా పనికొస్తుందని, 80 కిలోల పిక్కల బస్తాకు ఆ రోజు మేము ఇచ్చే ధర కనిపించేలా ఒక పేజీ చేర్చాను. నా ఫోనులో చక్కగా నడుస్తోంది. బండిల్ (స్టోర్‌కు పంపే యాప్ ప్యాకేజీ) కట్టి, యాప్‌లను ప్లే స్టోర్‌కు పంపే ప్లే కన్సోల్‌లోకి ఎక్కించగానే మాత్రం ఎర్రటి పెట్టెలో ఒకటే సమాధానం: మీ యాప్ బండిల్ మీద తప్పు కీతో సంతకం ఉంది, సరైన కీతో సంతకం చేసి మళ్లీ ప్రయత్నించండి. దాని కింద రెండు ఎస్‌హెచ్ఏ-1 వేలిముద్రలు (ఏ కీయో గుర్తుపట్టే సంకేతాలు) చూపిస్తోంది. ఉండవలసినది 5ఈ:09తో మొదలవుతోంది. నేను ఎక్కించినది ఏ1:7సీతో మొదలవుతోంది.

ఈ యాప్ మొదట చేసిన అబ్బాయి ఉద్యోగం వచ్చి వేరే రాష్ట్రం వెళ్లాడు. ఫోను చేస్తే మర్యాదగానే మాట్లాడాడు. పాత ల్యాప్‌టాప్ అమ్మేశానని, కోడ్ అంతా గిట్‌హబ్‌లో ఉందని చెప్పాడు. కోడ్ ఉన్న మాట నిజమే, కీస్టోర్ మాత్రం లేదు. అందుకే కొత్త కీస్టోర్ తయారుచేసి దానితో బండిల్ కట్టాను. ప్లే కన్సోల్ ఖాతా మా యజమానిగారి పేరు మీదే ఉంది, నన్ను అందులో యూజర్‌గా చేర్చారు.

ఐఫోన్ వైపు కూడా చిక్కు ఉంది. ఆ అబ్బాయి ఐఫోన్ యాప్‌ను టెస్ట్‌ఫ్లైట్ (విడుదలకు ముందు పరీక్షించే ఆపిల్ సదుపాయం) వరకు తెచ్చి వదిలేశాడు. మా దగ్గర పాత మ్యాక్ మినీ ఒకటి ఉంది. ఆపిల్ డెవలపర్ ఖాతా నుంచి యాప్ మీద సంతకానికి కావలసిన డిస్ట్రిబ్యూషన్ సర్టిఫికెట్ దించుకుని, మ్యాక్‌లో కీలు దాచే కీచెయిన్‌లో చేర్చాను. అయినా ఐఫోన్ యాప్‌లు కట్టే ఎక్స్‌కోడ్ దానికి ప్రైవేట్ కీ లేదంటూ సంతకం చేయనంటోంది.

యాప్ వాడుతున్న దుకాణదారులకు ఏ ఇబ్బందీ కలగకుండా దీనిని సరిచేయడానికి దారి ఉందా?


వంశధార, నరసన్నపేట

కీస్టోర్ పోతే యాప్ పోయినట్లేనండి. మా బంధువు ఒకరికి చాలా కాలం కిందట ఇలాగే అయింది. ప్యాకేజీ పేరు మార్చి కొత్త యాప్‌గా పెట్టేశారు. మీరు కూడా అలా చేస్తే పని త్వరగా అవుతుంది.


గంటస్తంభం, విజయనగరం

వంశధార గారూ, మీ బంధువు కాలానికి అది సరైన సలహాయే కావచ్చు. ఈ యాప్‌కు మాత్రం ఆ అవసరం లేదు.

మహేంద్రతనయ గారూ, పేరు మార్చే ఆలోచన దయచేసి పక్కన పెట్టండి. ప్యాకేజీ పేరు మారితే ప్లే స్టోర్‌కు అది వేరే యాప్. ఇప్పుడున్న ఫోన్లకు అప్‌డేట్ చేరదు, సమీక్షలన్నీ పాత యాప్ దగ్గరే ఉండిపోతాయి. మీకు ఆర్డరు ఇచ్చే ప్రతి దుకాణదారుకూ ఫోను చేసి పాతది తీసేసి కొత్తది వేసుకోమని చెప్పవలసి వస్తుంది. ఇందుకోసం కొత్తగా వ్యక్తిగత డెవలపర్ ఖాతా తెరిస్తే ఇంకో అడ్డంకి ఉంది. 2023 నవంబరు 13 తరువాత తెరిచిన వ్యక్తిగత ఖాతా అయితే కనీసం 12 మందితో వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టింగ్ (ఎంచుకున్నవారితో మాత్రమే పరీక్ష) నడపాలి. ఆ తరువాతే అందరికీ విడుదల చేయడానికి దరఖాస్తు పెట్టుకోనిస్తారు. అప్పటికి పిక్కల కాలంలో మంచి రోజులు గడిచిపోతాయి.

మీ యాప్ 2022లో వచ్చిందన్నారు, అది చాలా మంచి మాట. 2021 ఆగస్టు నుంచి ప్లే స్టోర్‌లో పెట్టే కొత్త యాప్‌లన్నిటికీ ప్లే యాప్ సైనింగ్ తప్పనిసరి అయింది. అంటే మీ యాప్‌కు రెండు కీలు ఉన్నాయి. పప్పు డబ్బా మీద వేసే ముద్ర వేరు, ఆ డబ్బాలను గోదాము గేటు దాటించే చీటీ వేరు కదా. ముద్ర లాంటిది యాప్ సైనింగ్ కీ. అది గూగుల్ దగ్గరే భద్రంగా ఉంది, దుకాణదారుల ఫోన్లు గుర్తుపట్టేది దానినే. చీటీ లాంటిది అప్‌లోడ్ కీ. పోయింది ఇదే, దీనిని మార్చుకోవచ్చు. మార్చినా ఫోన్లలో ఉన్న యాప్‌లకు ఏమీ కాదు.

ముందుగా ఒకటి సరిచూసుకోండి. ప్లే కన్సోల్‌లో యాప్ ఇంటెగ్రిటీ అనే పేజీ నుంచి యాప్ సైనింగ్ వివరాల్లోకి వెళ్తే రెండు సర్టిఫికెట్లు కనిపిస్తాయి. అప్‌లోడ్ కీ సర్టిఫికెట్ కింద ఉన్న ఎస్‌హెచ్ఏ-1, ఎర్ర పెట్టెలో "ఉండవలసినది" అని చూపిన 5ఈ:09 ఒకటే అయి ఉండాలి. అలా ఉంటే ధైర్యంగా ముందుకు వెళ్లండి.

మీరు చేసుకున్న కొత్త కీస్టోర్‌నే వాడుకోవచ్చు, ఇంకొకటి అక్కర్లేదు. అందులోని కీ ఆర్ఎస్ఏ రకం, కనీసం 2048 బిట్లు అయి ఉండాలి. జావాతో వచ్చే కీటూల్‌కు లిస్ట్ అని చెప్పి కీస్టోర్ పేరు ఇస్తే ఈ వివరాలన్నీ చూపిస్తుంది. తరువాత అదే కీటూల్‌తో, ఎక్స్‌పోర్ట్, ఆర్ఎఫ్‌సీ అనే ఐచ్ఛికాలు ఇచ్చి సర్టిఫికెట్‌ను పెమ్ ఫైలుగా బయటికి తీయండి. ఆ ఫైలులో ఉండేది సర్టిఫికెట్ మాత్రమే, రహస్య కీ ఉండదు. కాబట్టి గూగుల్‌కు పంపడానికి సందేహించకండి. కీస్టోర్ ఫైలును మాత్రం ఎవరు అడిగినా పంపవద్దు.

యాప్ సైనింగ్ పేజీలోనే అప్‌లోడ్ కీ రీసెట్ కోరే బటన్ ఉంటుంది. మీ యజమానిగారి లాగిన్‌తో చేయడం మేలు. కీ పోయిందనే కారణం ఎంచుకుని పెమ్ ఫైలు జతచేయండి. అక్కడే సైనింగ్ కీని అప్‌గ్రేడ్ చేసే మరో సదుపాయం కనిపిస్తుంది. అది వేరే పని, దాని జోలికి వెళ్లవద్దు. కోరిక పంపాక, కొత్త కీ ఏ తేదీన ఏ సమయం నుంచి చెల్లుతుందో తెలుపుతూ మెయిల్ వస్తుంది. ఆ సమయానికి ముందు ఎక్కిస్తే మళ్లీ ఇదే ఎర్ర పెట్టె వస్తుంది, కంగారు పడకండి.

ఖాతా మీ యజమానిగారి పేరు మీద ఉందని చదివి నాకు నిజంగా సంతోషం కలిగింది. ఇక్కడ విజయనగరంలో చిన్న వ్యాపారుల యాప్‌లు చూస్తుంటాను. చాలావాటికి ఖాతా, కీ, పాస్‌వర్డ్ అన్నీ యాప్ చేసిన కుర్రవాడి దగ్గరే ఉంటాయి. అతను మంచివాడే, కానీ ఊరు మారతాడు, ఫోను మారుతుంది. దుకాణం తాళం పనివాడి జేబులో వదిలేసే వ్యాపారి ఎవరూ ఉండరు. యాప్ కీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదే చేస్తున్నారు. డబ్బు పెట్టినవాడికి కీ చేతికి ఇవ్వకుండా పని పూర్తయిందని అనకూడదని నా పట్టుదల. నా దగ్గర నేర్చుకునే పిల్లలకు మొదట చెప్పే మాట ఇదే.

ఐఫోన్ సంగతి నాకన్నా బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు.


మహేంద్రతనయ, కాశీబుగ్గ

గంటస్తంభం గారూ, మీ జవాబు చదివాక ఊపిరి పీల్చుకున్నాను. వేలిముద్ర సరిపోయింది, అదే 5ఈ:09. యజమానిగారిని పక్కన కూర్చోబెట్టుకుని రీసెట్ కోరాను.

ఈలోగా ఇంకొకటి. కీస్టోర్‌ను ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఉంచడం మంచిది కాదని డి డ్రైవులో కీస్ అనే ఫోల్డర్‌లోకి మార్చాను. ఫైలు పేరు అప్‌లోడ్. కీస్టోర్ చిరునామా, పాస్‌వర్డ్‌లు ఉండే కీ ప్రాపర్టీస్ ఫైలులో కొత్త చిరునామా రాశాను. నిన్నటి వరకు కట్టిన బండిల్ ఇప్పుడు కట్టడం లేదు. బండిల్ కట్టే గ్రేడిల్ "మాల్‌ఫార్మ్‌డ్" అని మొదలుపెట్టి, యు అక్షరం తరువాత నాలుగు ఎక్స్‌లు చూపించి, ఎన్‌కోడింగ్ సరిగా లేదంటోంది. నేను చిరునామా తప్ప ఏదీ ముట్టుకోలేదు.


గంటస్తంభం, విజయనగరం

చిరునామాలోనే ఉంది. మీది విండోస్ కదా, ఫోల్డర్ల మధ్య వెనక్కి వాలిన గీత రాసి ఉంటారు. ప్రాపర్టీస్ ఫైలులో ఆ గీత మామూలు గుర్తు కాదు, తరువాతి అక్షరానికి ప్రత్యేక అర్థం ఇచ్చేది. గీత వెంటనే ఆంగ్ల అక్షరం యు వస్తే, దాని వెనుక యూనికోడ్ సంకేతం నాలుగు స్థానాల్లో ఉంటుందని జావా ఎదురుచూస్తుంది. మీ ఫైలు పేరు అప్‌లోడ్ కాబట్టి మొదటి అక్షరం సరిగ్గా యు. కీస్ ముందు ఉన్న గీతను అది చప్పుడు చేయకుండా మింగేస్తుంది, అప్‌లోడ్ దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. గీతలన్నీ ముందుకు వాలినవిగా మార్చండి, విండోస్‌లో కూడా పనిచేస్తుంది.

ఆ ఫైలులోనే మరొకటి చూడండి. కొత్త జావాతో చేసిన కీస్టోర్ పీకేసీఎస్12 రకం. అందులో స్టోర్ పాస్‌వర్డ్, కీ పాస్‌వర్డ్ వేర్వేరుగా ఉండవు. రెండు చోట్లా ఒకటే రాయాలి. వేరుగా రాస్తే "ప్యాడింగ్ సరిగా లేదు" అనే అర్థంలో సందేశం వస్తుంది. దానిని చూసి పాస్‌వర్డ్ తప్పని ఎవరికీ తోచదు.


బొబ్బిలి వీణ, బొబ్బిలి

ఐఫోన్ భాగం నేను చెబుతాను. ఆపిల్ ఖాతా నుంచి దించుకునే ఫైలులో ఉండేది సర్టిఫికెట్ ఒక్కటే. దానికి జత అయిన ప్రైవేట్ కీ, సర్టిఫికెట్ కోరుతూ అభ్యర్థన తయారుచేసిన మ్యాక్ కీచెయిన్‌లోనే పుడుతుంది, ఆపిల్‌కు ఎప్పుడూ చేరదు. కాబట్టి ఎన్నిసార్లు దించుకున్నా ఫలితం ఉండదు. పాత మ్యాక్ నుంచి సర్టిఫికెట్, కీ రెండూ కలిపి పీ12 ఫైలుగా తీసి ఉంటే అది దిగుమతి చేసుకుంటే సరిపోయేది. మీకు ఆ దారి లేదు.

అందుకే పాత డిస్ట్రిబ్యూషన్ సర్టిఫికెట్‌ను రద్దు చేయండి. యాప్ స్టోర్‌లో ఉన్న యాప్‌లకు రద్దు వల్ల నష్టం ఉండదు. మీది ఇంకా స్టోర్ దాకా వెళ్లనే లేదు. తరువాత ఎక్స్‌కోడ్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కు వెళ్లి, యజమానిగారి ఆపిల్ ఖాతా చేర్చి, మేనేజ్ సర్టిఫికెట్స్ దగ్గర ఆపిల్ డిస్ట్రిబ్యూషన్ అని కొత్తది తయారుచేయండి. ఇప్పుడు కీచెయిన్‌లో మై సర్టిఫికెట్స్ చూస్తే దాని పక్కన చిన్న బాణం ఉంటుంది. నొక్కితే కింద కీ కనబడుతుంది. కనబడితే జత కుదిరినట్లే. యాప్‌ను సర్టిఫికెట్‌తో ముడిపెట్టే ప్రొవిజనింగ్ ప్రొఫైల్ పాత సర్టిఫికెట్‌తో కట్టినది కనుక అదీ కొత్తగా కావాలి. ఆటోమేటిక్ సైనింగ్ పెట్టి టీమ్ ఎంచుకుంటే ఆ పని ఎక్స్‌కోడే చూసుకుంటుంది.

మ్యాక్ పాతదన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. మీ సర్టిఫికెట్‌కూ ఆపిల్ మూల సర్టిఫికెట్‌కూ మధ్యలో ఉండే ఆపిల్ డబ్ల్యూడబ్ల్యూడీఆర్ సర్టిఫికెట్ పాత ప్రతి 2023 ఫిబ్రవరి 7తో కాలం చెల్లింది. కీచెయిన్‌లో అదొక్కటే ఉంటే మీ కొత్త సర్టిఫికెట్‌ను కూడా నమ్మదగనిదిగా చూపిస్తుంది. ఆపిల్ సైటు నుంచి దాని కొత్త ప్రతి జీ3 దించుకోండి, అది 2030 వరకు చెల్లుతుంది. ఎర్ర గుర్తు చూసి చాలామంది ట్రస్ట్ దగ్గర "ఎల్లప్పుడూ నమ్ము" అని మార్చేస్తారు. అలా మార్చితేనే సంతకం ఆగిపోతుంది. దానిని సిస్టమ్ డిఫాల్ట్స్‌లోనే ఉంచండి.


మహేంద్రతనయ, కాశీబుగ్గ

గీతలు మార్చగానే బండిల్ కట్టింది. గూగుల్ మెయిల్‌లో చెప్పిన సమయం దాటాక ఎక్కిస్తే ఎర్ర పెట్టె రాలేదు. ఇప్పుడు రివ్యూలో ఉంది. బొబ్బిలి వీణ గారూ, మా మ్యాక్‌లో డబ్ల్యూడబ్ల్యూడీఆర్ 2023తో ముగిసినదే ఉంది. జీ3 పెట్టాక ఆర్కైవ్ సాఫీగా వెళ్లింది. మీ ఇద్దరికీ నా కృతజ్ఞతలు.

కీస్టోర్, పీ12 రెండూ పెన్‌డ్రైవులో వేసి యజమానిగారికి ఇచ్చాను. పాస్‌వర్డ్‌లు వేరే కాగితం మీద రాసి ఇచ్చాను. ఒక సందేహం మిగిలింది. యాప్‌లో గూగుల్ లాగిన్ ఉంది. ఆ లాగిన్‌కు వాడే గూగుల్ సేవ ఫైర్‌బేస్‌లో కూడా ఏదైనా మార్చాలా?


గంటస్తంభం, విజయనగరం

ప్లే స్టోర్ నుంచి వేసుకునేవారికి ఏమీ మార్చనక్కర్లేదు, అది యాప్ సైనింగ్ కీ వేలిముద్రతో నడుస్తుంది, ఆ కీ మారలేదు. మీ కంప్యూటర్ నుంచి నేరుగా ఫోనులో వేసి పరీక్షించే రిలీజ్ బిల్డ్‌లో మాత్రం లాగిన్ విఫలమవుతుంది. ఏ1:7సీతో మొదలయ్యే కొత్త ఎస్‌హెచ్ఏ-1ను ఫైర్‌బేస్ ప్రాజెక్టు సెట్టింగ్స్‌లో అదనంగా చేర్చండి. యాప్ సైనింగ్ కీ వేలిముద్రను పొరపాటున కూడా తీసేయవద్దు.

వీలు చూసుకుని ప్లే కన్సోల్ యూజర్ల జాబితా కూడా ఒకసారి తెరవండి. ఆ అబ్బాయి పేరు ఇంకా ఉంటే, అతనికి ఒక మాట చెప్పి అనుమతులు తీసేయమని యజమానిగారిని కోరండి. కీ ప్రాపర్టీస్ ఫైలు పేరు గిట్‌ఇగ్నోర్‌లో (గిట్‌హబ్‌కు వెళ్లకూడని ఫైళ్ల జాబితా) ఉందో లేదో కూడా తరువాతి కమిట్‌కు ముందే చూసుకోండి.