ఫిబ్రవరిలో అమ్మా నాన్నతో మాల్టా: బ్యాగుల్లో ఏం పెట్టాలి?

పాలకొల్లు అమ్మాయి:
అందరికీ నమస్కారం అండి. అక్క వాళ్ళు జర్మనీలో ఉంటారు, ఈసారి అమ్మనీ నాన్ననీ నన్నూ రమ్మంది, అక్కణ్ణుంచి ఓ వారం మాల్టా వెళ్దామని ప్లాను. పౌలు గారి ఓడ బద్దలై ఒడ్డుకి చేరిన మెలితే ద్వీపం అదే కదా, ఫిబ్రవరి 10న అక్కడ చేసే పండగ చూడాలని అమ్మకి ఎప్పట్నుంచో కోరిక. ఆఫ్ సీజన్ కాబట్టి రూములు చవగ్గానే దొరుకుతున్నాయి. నెట్లో పగలు 15, 16 డిగ్రీలు, రాత్రి 9, 10 అని ఉంది, మంచు పడదుగా మామూలు స్వెట్టర్లు చాలంటారు నాన్న. మాకేమో సంక్రాంతి చలికే రగ్గులు కావాలి. అమ్మ చీరలే కడుతుంది, మోకాళ్ళ నొప్పులు కూడా. బట్టలు ఏం సర్దాలి, పక్కనున్న గోజో ద్వీపానికి వెళ్ళొచ్చా, పచ్చళ్ళు పట్టుకెళ్ళనిస్తారా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

రాజోలు సిస్టర్:
అక్కడ నర్సుగా పని చేశానమ్మా, అందుకే చెప్తున్నాను, నాన్నగారి మాట ఈ ఒక్క విషయంలో వినొద్దు. మాల్టాలో చలి బయట కాదు, ఇంట్లో. ఇళ్ళన్నీ సున్నపురాయితో కట్టినవి, ఎండాకాలం చల్లగా ఉండాలని కట్టుకున్నారు, జర్మనీలోలాగా గోడకి హీటర్లు ఉండవు, ఫిబ్రవరికి గోడలు చెమ్మ పట్టేసి మధ్యాహ్నం బయట ఎండలో స్వెట్టర్ తీసేసినవాళ్ళు కూడా గదిలోకి రాగానే శాలువా కప్పుకుంటారు. కాబట్టి రూమ్ బుక్ చేసేటప్పుడు వేడి గాలి ఇచ్చే ఏసీ ఉందా, దానికి కరెంటు డబ్బులు వేరేనా, లిఫ్ట్ ఉందా, ఈ మూడూ మెసేజ్ పెట్టి అడగండి. పాత ఇళ్ళకి లిఫ్ట్ ఉండదు, రాజధాని వాలెట్టా అంతా ఎత్తుపల్లాలు, కొన్ని వీధులైతే మెట్లే, అమ్మగారి మోకాళ్ళకి కష్టం. హార్బర్ నుంచి పైన బరాక్కా తోటకి లిఫ్ట్ ఉంది, అది వాడుకోండి.

చీరలకి ఏం ఇబ్బంది లేదు. ఫుల్ చేతుల థర్మల్ బనీను, పైన ఫుల్ చేతుల జాకెట్టు, లంగా కింద థర్మల్ ప్యాంటు, ఉన్ని సాక్సులు. నూలు చీరలు వద్దు, తడిస్తే రెండ్రోజులైనా ఆరవు, జార్జెట్ లాంటివి పెట్టండి. గొడుగు ఆ గాలికి తిరగబడిపోతుంది, టోపీ ఉన్న రెయిన్‌కోట్ మేలు. అన్నిటికన్నా ముఖ్యం బూట్లు, వీధుల్లో రాళ్ళు అరిగి నున్నగా ఉంటాయి, వాన పడిందంటే జారుడే, పట్టున్న బూట్లు ఇక్కడే కొని నెల ముందు నుంచీ అలవాటు చేయండి. పెద్దవాళ్ళు అక్కడ పడితే ట్రిప్ మొత్తం ఆసుపత్రిలోనే. మంకీ క్యాప్ సిగ్గుపడకుండా పెట్టుకోమనండి.

నరసాపురం వీరాభిమాని:
గోజోకి తప్పకుండా వెళ్ళండి. చిర్‌కెవ్వా రేవు నుంచి కార్లు, బస్సులు అన్నీ ఎక్కించుకుని వెళ్ళే ఫెర్రీ ఉంటుంది, మన సఖినేటిపల్లి పంటుకి పెద్దన్నయ్య అనుకోండి, 25 నిమిషాలు. ఏడాదంతా తిరుగుతుంది, టికెట్ తిరిగొచ్చేటప్పుడే తీసుకుంటారు. కాకపోతే తేదీ ముందే ఫిక్స్ చేసుకోవద్దు, ఈశాన్యం గాలి లేచిందంటే సముద్రం కుదిపేస్తుంది, వారంలో రెండు రోజులు ఖాళీగా ఉంచుకుని గాలి తగ్గిన రోజు పొద్దున్నే బయల్దేరండి. వాలెట్టా నుంచి నేరుగా గోజో వెళ్ళే ఫాస్ట్ ఫెర్రీ గాలికి ముందు ఆగిపోయేది, దాని మీద ఆధారపడొద్దు. గోజోలో జ్గంతియా గుళ్ళు ఉన్నాయి, ఈజిప్టు పిరమిడ్ల కన్నా పాతవి. ఫోటోల్లో సముద్రం ఒడ్డున కనపడే అజ్యూర్ విండో అనే రాతి ద్వారం మాత్రం 2017 మార్చిలో తుఫానుకి కూలిపోయింది, దానికోసం వెతకొద్దు. కొమినో అనే చిన్న ద్వీపంలో ఈతకి వెళ్ళే బ్లూ లగూన్ కూడా ఈ కాలంలో వదిలేయండి. ఆదివారం మార్సాష్లోక్ చేపల సంతకి వెళ్ళండి, మీ నాన్నగారికి అదే నచ్చుతుంది చూడండి.

పాలకొల్లు అమ్మాయి:
చాలా థాంక్స్ అండి, లిఫ్ట్ సంగతి అసలు తట్టలేదు. వీసా మాల్టాదా, జర్మనీదా? పచ్చళ్ళ సంగతి ఎవరూ చెప్పలేదు, అమ్మ పక్కనే కూర్చుని అడుగుతోంది.

అమలాపురం బాబాయ్:
ఆయ్, నేను చెప్తానమ్మా. రెండూ షెంగెన్ దేశాలే, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు. ఎక్కడ ఎక్కువ రోజులుంటారో ఆ దేశానికే అప్లై చేయాలి, అక్క దగ్గర ఎక్కువ ఉంటే జర్మనీదే. మీకు తలా ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి. ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, ఆఖరి వారం దాకా ఆగకండి.

పచ్చళ్ళకొస్తే, యూరప్‌లోకి మాంసం, పాల సరుకులు రానివ్వరు. కోడి పచ్చడి, మేక మాంసం పచ్చడి, నెయ్యి, కోవా ఇంట్లోనే వదిలేయండి. ఆవకాయ పర్లేదు, రొయ్యల పచ్చడి కూడా పర్లేదు, చేపలు రొయ్యలకి వేరే రూల్, మనిషికి 20 కిలోల దాకా. పచ్చి కరివేపాకు సర్టిఫికెట్ లేకుండా కుదరదు, పొడి కొట్టించుకోండి. కొబ్బరికాయలకి అడ్డు లేదు. పచ్చళ్ళు పెద్ద బ్యాగులోనే పెట్టాలి, చేతి బ్యాగులో ద్రవం కింద లెక్కేసి తీసేస్తారు. ఇంకోటి, జర్మనీ నుంచి మాల్టాకి చవక టికెట్లో చిన్న బ్యాగే ఇస్తారు, కాబట్టి పెద్ద పెట్టెలు అక్క ఇంట్లో పెట్టేసి మాల్టా బట్టలు విడిగా సర్దండి.

రాజోలు సిస్టర్:
ప్లగ్ విషయం మర్చిపోకండి, జర్మనీలో రెండు గుండ్రటి పిన్నులు, మాల్టాలో బ్రిటన్‌లోలాగా మూడు చదరపు పిన్నులు, రెండు అడాప్టర్లూ కావాలి. 10వ తారీఖున సెలవు, వాలెట్టాలో పౌలు గారి చర్చి దగ్గర ఊరేగింపుకి జనం బాగా ఉంటారు, అమ్మగారిని కాస్త ముందే తీసుకెళ్ళి కూర్చోబెట్టండి. హైపోజియం అని భూమి కింద తొలిచిన పురాతన సమాధుల చోటు ఉంది, అది చూడాలనుంటే టికెట్లు ఇవాళే చూసుకోండి, గంటకి కొద్దిమందినే లోపలికి పంపిస్తారు.