తొలి గోల్ఫ్ ఐరన్లు: కొత్త చవక సెట్టు మేలా, వాడిన మంచి సెట్టు మేలా?

పానగల్లు (నల్లగొండ):
నేను నల్లగొండలో బ్యాంకు ఉద్యోగిని. ఆదివారాలు హైదరాబాదుకు వెళ్లి మా బావగారితో కలిసి డ్రైవింగ్ రేంజిలో, అంటే బంతులు కొట్టి సాధన చేసేచోట, గోల్ఫ్ నేర్చుకుంటున్నాను. ఇంతవరకు ఆయన క్లబ్బులతోనే నెట్టుకొచ్చాను గానీ, ఆయన నాకంటే అరడుగు పొడగరి కావడంతో అవి నాకు కుదరడం లేదు. ఐరన్లకు, అంటే పలచని లోహపు తల ఉండే నంబర్ల క్లబ్బులకు, ఇరవై వేల రూపాయలకు మించి పెట్టలేను. ఆ డబ్బుతో ప్రారంభకుల కోసం అమ్మే కొత్త చవక సెట్టు, అంటే డెకాథ్లాన్ వారి ఇనెసిస్ వంటిది చూసుకోవాలా, లేక పది పదిహేనేళ్ల కిందటి పింగ్, కాలవే, టేలర్‌మేడ్ ఐరన్లను వాడినవైనా సరే తీసుకోవాలా అన్నది తేలడం లేదు. బావగారు పాతవే నయమంటారు. రేంజిలో నేర్పే శిక్షకులు పాత సామాను జోలికి పోవద్దంటారు. నా ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. కారణాలతో సహా చెప్పగలిగినవారు చెప్పగలరు.

పిల్లలమర్రి_నీడ (మహబూబ్‌నగర్):
మీ బావగారి మాటే నా మాట. కొత్తగా నేర్చుకునేవారు బంతిని ఫేసు (క్లబ్బు తలలో బంతికి తగిలే ముఖం) నడిమధ్యన కొట్టలేరు. ఒకసారి టో (తల కొస) వైపు తగిలితే మరోసారి హీల్ (తలకు కర్ర కలిసే చోటు) వైపు తగులుతుంది. అలా పక్కకు తగిలినప్పుడు క్లబ్బు తల మెలి తిరిగి, బంతి దూరమూ పోతుంది, దిశా పోతుంది. బ్లేడ్ అనే పాత తరహా ఐరన్లో తల చిన్నది, లోహమంతా ఫేసు వెనకనే పేరుకొని ఉంటుంది కనుక ఈ మెలిక ఎక్కువ. కావిటీ బ్యాక్ ఐరన్లో వెనక భాగాన్ని తొలిచి, ఆ బరువును అంచులకూ అడుగుకూ పంచుతారు కనుక తల అంత సులువుగా తిరగదు. ఈ పద్ధతిని జనంలోకి తెచ్చినవారిలో ముందు చెప్పుకోవలసినవారు కార్‌స్టెన్ సోల్‌హైమ్. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో ఇంజనీరుగా పనిచేసి, తరువాత పింగ్ సంస్థను నెలకొల్పిన ఆయన 1982లో తెచ్చిన ఐ2 ఐరన్లను ఈనాటికీ వదలని ఆటగాళ్లున్నారు. అంచుల్లో పెట్టిన బరువు పదిహేనేళ్లు గడిచినంత మాత్రాన అక్కడి నుంచి కదిలిపోదు కదా! ఇరవై వేలకు కొత్తది కొంటే తయారీదారు ఆ ధరలో చేయగలిగిన సరుకు వస్తుంది. అదే డబ్బుకు వాడినది కొంటే, ఒకప్పుడు దానికి ఎన్నో రెట్లు పెట్టి ఎవరో కొన్న సరుకు వస్తుంది. రేపు ఆట మీద మనసు విరిగి అమ్ముకోవలసి వచ్చినా పెద్ద నష్టం ఉండదు.

మూసీ_కుడికాలువ (సూర్యాపేట):
క్లబ్బు తల గురించి పిల్లలమర్రి గారు చెప్పినదంతా నిజమే. అయితే షాఫ్టు (క్లబ్బు కర్ర) సంగతిని వారు అసలు తడమనే లేదు. హైదరాబాదులో అమ్మకానికి వచ్చిన వాడిన సెట్లలో నేను చూసినవి చాలావరకు స్టీలు షాఫ్టులవి, వాటికి చుట్టిన పట్టీ మీద ‘ఎస్’ అని, అంటే స్టిఫ్ (బిరుసు) అని ఉంటుంది. ఏళ్ల తరబడి ఆడి, వేగంగా స్వింగ్ చేసేవారికి అది సరిపోతుంది. డైనమిక్ గోల్డ్ వంటి బరువైన స్టీలు షాఫ్టు ఒక్కటే సుమారు 130 గ్రాములు తూగుతుంది. ప్రారంభకుల సెట్లలో వచ్చే గ్రాఫైటు షాఫ్టు బరువు అందులో ఇంచుమించు సగం. రేంజిలో పరిచిన చాప మీద, కిందనున్న సిమెంటు నేల అదురుతుండగా గంటసేపు కొట్టి చూడండి, ఆ తేడా ఎంతటిదో మణికట్టూ మోచెయ్యే చెబుతాయి. షాఫ్టు కుదరలేదని మార్పించుకుంటే, సెట్టు మొత్తానికీ అయ్యే ఖర్చు మీరు సెట్టుకు పెట్టిన డబ్బును మించిపోవచ్చు.

మరొక సంగతి. పాత సెట్లు తరచుగా మూడు లేదా నాలుగో నంబరు నుంచి మొదలవుతాయి; నంబరు చిన్నదయ్యేకొద్దీ ఫేసు వాలు తగ్గుతుంది. ఆ రెండింటినీ గాలిలోకి లేపడం నేర్చినవారికే కష్టం కాబట్టి, వాటి స్థానంలో ఇప్పుడు హైబ్రిడ్లు, అంటే బంతిని సులువుగా లేపే కాస్త లావుపాటి తల ఉన్న క్లబ్బులు, వచ్చాయి. మీరు డబ్బు పెట్టి కొన్న ఎనిమిది ఐరన్లలో రెండు బ్యాగులో ఊరికే పడి ఉంటాయి. నకిలీల బెడద గురించి వేరే చెప్పనక్కరలేదు. పేరున్న బ్రాండ్లకే నకిలీలు పుడతాయి.

పిల్లలమర్రి_నీడ (మహబూబ్‌నగర్):
షాఫ్టు విషయంలో మీ అభ్యంతరాన్ని ఒప్పుకుంటాను, కానీ అది స్టిఫ్ షాఫ్టు మీది అభ్యంతరమే తప్ప వాడిన సరుకు మీది కాదు. ‘ఆర్’ అని రాసి ఉన్న రెగ్యులర్ షాఫ్టులూ, గ్రాఫైటువీ పాతవాటిలో దొరుకుతాయి. కొంచెం ఓపిక పట్టాలి.

కొత్త సెట్లు అమ్మేచోట ఒక మాయ జరుగుతుంది, అది కూడా తెలుసుకోండి. మీ చేతికి ఏడో నంబరు ఇచ్చి కొట్టిస్తారు, బంతి మీ బావగారి ఏడో నంబరు కంటే పదిహేను గజాలు ముందుకు పోతుంది, మీరు మురిసిపోతారు. 1980ల నాటి ఏడో నంబరుకు లాఫ్ట్, అంటే ఫేసు వాలు, సుమారు 35 డిగ్రీలు ఉండేది. నేడు ప్రారంభకులకు అమ్మే ఏడో నంబరుకు అది 28 నుంచి 31 డిగ్రీల మధ్య ఉంటోంది. అంటే నాటి అయిదో నంబరుకూ ఆరో నంబరుకూ నేడు ఏడు అన్న అంకె చెక్కి ఇస్తున్నారు. దీని ఫలితం సెట్టు చివర, దగ్గరి దూరాలకు వాడే ఎక్కువ వాలున్న వెడ్జ్‌ల దగ్గర బయటపడుతుంది. పిచింగ్ వెడ్జ్ 44 డిగ్రీల దగ్గర ఆగిపోయి, శాండ్ వెడ్జ్ 56 దగ్గర మొదలైతే, నడుమ పన్నెండు డిగ్రీల ఖాళీ మిగిలిపోతుంది. దాన్ని పూడ్చడానికి 50 డిగ్రీల వెడ్జ్ ఇంకొకటి కొనక తప్పదు. ఆ ఖర్చును మీ ఇరవై వేలలో ఎవరూ లెక్క వేయరు.

మూసీ_కుడికాలువ (సూర్యాపేట):
లాఫ్ట్ తగ్గించిన మాట వాస్తవమే గానీ, దానితోపాటు తల బరువును అడుగుకు దించి, బరువు కేంద్రాన్ని వెనక్కి జరిపారన్న సంగతిని మీరు వదిలేశారు. అలా చేసినందువల్లనే తక్కువ వాలు ఉన్నా బంతి పైకి లేస్తుంది. 1980ల అయిదో నంబరుతో ఆ ఎత్తు ఒక ప్రారంభకుడికి రాదు. కనుక అంకె మార్చిన మాయ అనడం సగం నిజం మాత్రమే. వెడ్జ్ ఖాళీ గురించి మీరన్నది మాత్రం కాదనలేను.

డిండివాగు (దేవరకొండ):
ఇద్దరూ పూర్తి సెట్టు కొనాలన్న ఊహతోనే వాదిస్తున్నారు. నియమాల ప్రకారం బ్యాగులో పద్నాలుగు క్లబ్బులకు మించరాదు. ఇన్ని తప్పక ఉండాలని మాత్రం ఎక్కడా లేదు. ఆరు, ఎనిమిది, పిచింగ్ వెడ్జ్, శాండ్ వెడ్జ్, వీటితోపాటు ఒక హైబ్రిడ్డూ, బంతిని గుంతలోకి దొర్లించే పటరు ఒకటీ ఉంటే మొదటి ఏడాదికి చాలు. మీకు ఏడో నంబరు దూరానికీ ఎనిమిదో నంబరు దూరానికీ తేడా స్థిరంగా పడేవరకు రెండూ ఉండి ప్రయోజనం లేదు. అరసెట్టు కొంటే మిగిలిన డబ్బు శిక్షకులకు ఇవ్వండి; వంకర స్వింగును ఏ ఐరనూ సరిచేయదు.

పానగల్లు గారు వారమంతా నల్లగొండలోనే ఉంటారు కాబట్టి, ఏదో ఒకరోజు ఇంటి వెనకో తోటలోనో వలకట్టి కొట్టక మానరు. మన చెల్క నేల సంగతి మీకు చెప్పనక్కరలేదు: పైన ఎర్రమన్ను, దాని కింద మొరం. ప్రారంభకుల ఐరన్లకు అడుగు వెడల్పుగా ఉంటుంది. మెత్తని పచ్చిక మీద ఆ వెడల్పు క్లబ్బును భూమిలోకి దిగబడకుండా కాపాడుతుంది గానీ, ఎండిన చెల్క మీద అది ఎగిరి క్లబ్బు అంచు బంతి నడుముకు తగులుతుంది. బంతి చెవుల పిల్లిలా నేలబారున దూసుకుపోతుంది, మీరేమో స్వింగులో దోషం వెతుక్కుంటారు. ఇక ఫోర్జ్ చేసిన, అంటే కాల్చి సాగగొట్టిన, మెత్తని స్టీలు తలలైతే గులకరాళ్లకు ఒక్క నెలలో సొట్టలు పడతాయి. కాబట్టి ఐరన్ల డబ్బులోంచే కొంత తీసి దళసరి చాప ఒకటి కొనండి, ఇంటి దగ్గర స్పాంజి బంతులే వాడండి. బత్తాయి తోటలో పని చేస్తున్నవారికి నిజం బంతి తగిలితే అయ్యే నష్టం ముందు ఈ చర్చంతా ఏపాటిది?

జడ్చర్ల_జంక్షన్ (జడ్చర్ల):
వాడినవి కొనేవారు ఏమేమి చూడాలో ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. ఫొటోలు చూసి డబ్బు పంపకండి. పిచింగ్ వెడ్జునూ తొమ్మిదో నంబరునూ ముందుగా వెలుతురులో పట్టుకొని ఫేసు చూడండి. ఎక్కువగా వాడేవి అవే కాబట్టి అరుగుదల అక్కడే కనబడుతుంది. ఫేసు మీద చెక్కిన గాళ్లకు అడ్డంగా గోరు నడిపితే ప్రతి గాడి దగ్గరా గోరు ఆగాలి. మధ్యలో రూపాయి బిళ్లంత మేర నున్నగా జారిపోతే ఆ క్లబ్బు పని అయిపోయినట్టే. తలా షాఫ్టూ కలిసేచోట ఉండే నల్ల ప్లాస్టిక్ ఉంగరం పైకి జరిగి కింద సందు కనిపిస్తే, లోపలి జిగురు వదులవుతోందేమోనని అనుమానించాలి. షాఫ్టును కంటి దగ్గర పెట్టుకొని తుపాకీ గురి చూసినట్టు చూస్తే వంపు తెలుస్తుంది. క్రోమ్ పూత బొబ్బలెక్కిన చోట లోపల తుప్పు ఉంటుంది. క్లబ్బులన్నీ గోడవారగా వరుసన నిలబెడితే నంబరు నంబరుకూ దాదాపు అర అంగుళం మెట్టు కనిపించాలి. ఎక్కడైనా మెట్టు తప్పితే రెండు సెట్లు కలిపి ఒకటిగా అమ్ముతున్నారన్నమాట. గ్రిప్పు (చేతితో పట్టుకునే రబ్బరు తొడుగు) గట్టిపడి మెరుస్తుంటే మాత్రం భయపడనక్కరలేదు, అది మార్పించుకోదగిన వస్తువు. ఆ ఖర్చును బేరంలో తగ్గించుకోండి.

కొన్న తరువాత మే నెలలో వాటిని కారు డిక్కీలో వదిలేయకండి. నల్లగొండ ఎండకు గ్రిప్పు రబ్బరూ పాడవుతుంది, జిగురూ మెత్తబడుతుంది.

పానగల్లు (నల్లగొండ):
అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలు చదివాక వాడిన పింగ్ సెట్టు ఒకటి చూసి వచ్చాను. నాలుగో నంబరు నుంచి పిచింగ్ వెడ్జ్ దాకా ఏడు ఐరన్లు, పద్దెనిమిది వేలు చెబుతున్నారు. గాళ్లు బాగున్నాయి, గోరు ఆగుతోంది. షాఫ్టులు స్టీలువి, పట్టీ మీద ‘ఎస్’ అనే ఉంది. అమ్మేవారు ఆరడుగుల పైబడిన మనిషి, అర అంగుళం పొడవు పెంచి చేయించుకున్నారట. ప్రతి తల వెనకా చిన్న ఆకుపచ్చ చుక్క ఉంది. ఆ అర అంగుళం కోయించుకుంటే నాకు సరిపోతుందని వారే సలహా ఇచ్చారు. తీసుకోవచ్చునా?

మూసీ_కుడికాలువ (సూర్యాపేట):
వద్దండి. స్టీలు షాఫ్టును కోస్తే అది ఇంకా కొంచెం బిరుసెక్కుతుంది. ఇప్పటికే అది స్టిఫ్. అర అంగుళం తగ్గితే స్వింగ్‌వెయిట్ (ఊపేటప్పుడు చేతికి తెలిసే తల బరువు) సుమారు మూడు పాయింట్లు పడిపోతుంది, అంటే తల ఎక్కడుందో చేతికి తెలియదు. తల ఎక్కడుందో తెలియడమే ఇప్పుడు మీకు అన్నిటికంటే అవసరం.

పిల్లలమర్రి_నీడ (మహబూబ్‌నగర్):
ఈసారి మూసీ గారితో నాకు పేచీ లేదు, పైగా ఇంకొక కారణం కలుపుతాను. పింగ్ వారు చుక్క రంగుతో లై కోణాన్ని, అంటే క్లబ్బును నేల మీద ఆనించినప్పుడు షాఫ్టు ఎంత నిటారుగా నిలుస్తుందో దాన్ని సూచిస్తారు. నల్ల చుక్క ప్రామాణికం. నీలం, ఆకుపచ్చ నిటారు వైపు. ఎరుపు, నారింజ వాలు వైపు. పొడగరి కోసం ఆకుపచ్చ చుక్కతో చేసినదాన్ని మీరు పట్టుకుంటే టో గాలిలోకి లేచి, హీల్ నేలకు ఆనుతుంది. మీరు కుడిచేతివాటం వారైతే సరిగ్గా కొట్టిన బంతి కూడా ఎడమకు పోతుంది. గట్టి స్టెయిన్‌లెస్ స్టీలుతో పోతపోసిన తలను వంచి సరిచేయడం ప్రతి దుకాణంలో అయ్యే పని కాదు, చేసినా ఒకటి రెండు డిగ్రీలకు మించి సాహసించరు.

అయినా ఇది కొత్త సెట్టు కొనడానికి కారణం కాదు. అదే సంస్థదో మరొకరిదో, రెగ్యులర్ షాఫ్టుతో, పొడవు పెంచని సెట్టు కోసం ఇంకొన్ని ఆదివారాలు చూడండి. ఈలోగా ఏడో నంబరు ఒక్కటే విడిగా కొని సాధన చేయండి. పింగ్ అయితే నల్ల చుక్కదో ఎర్ర చుక్కదో చూసుకోండి. ఆ రెండింటిలో ఏదన్నది తేలడానికి ఒక ఉపాయం ఉంది: బంతి మీద మార్కరుతో నిలువు గీత గీసి, ఆ గీత ఫేసు వైపు ఉండేలా పెట్టి కొట్టండి. ఫేసు మీద పడిన అచ్చు నిట్టనిలువుగా ఉంటే ఆ లై మీకు కుదిరినట్టే. పక్కకు వాలితే, ఎటు వాలిందో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.